బండి నంబరు ప్లేటు: షోరూంలో బిగించే రోజు నుంచి పాత ఇనుముకు వేసే రోజు దాకా

కొత్త బండి తాళాలు చేతికి తీసుకునే ముందు ముందూ వెనకా ప్లేట్లు బిగించి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే బండి షోరూంలోనే ఉండనివ్వండి. ముహూర్తం దాటిపోతోందని, అమ్మవారి గుడికి తీసుకెళ్లాలని, ప్లేట్లు నాలుగు రోజుల్లో వస్తాయని సేల్స్ వాళ్లు చెప్పారని ఖాళీ ప్లేటుతో బయటికి తేవడం మన దగ్గర బాగా అలవాటైన తప్పు. రాష్ట్రంలోనే రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. నంబరు వచ్చి, అది బండి మీద కనబడేదాకా కొన్నవాళ్లకు బండి అప్పగించకూడదని మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ సూటిగా చెబుతోంది. కాబట్టి ప్లేటు కోసం పట్టుబడితే డీలరును మీరు ఇబ్బంది పెట్టినట్టు కాదు. ఆయన చెయ్యాల్సిన పనే అడుగుతున్నారు.

ప్లేటు మీద 'ఏ/ఎఫ్' (అప్లైడ్ ఫర్, అంటే నంబరుకు దరఖాస్తు పెట్టాం) అని రాసుకుంటే సరిపోతుందనే నమ్మకం ఇంకా పోలేదు. ఆ రెండక్షరాలకు చట్టంలో విలువ లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే 5,000 నుంచి 10,000 దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. నంబరు పడని బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిము అక్కడే చిక్కుబడుతుంది.

టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, సంగతి వేరు. ఛాసిస్ కొని బాడీ కట్టించడానికి ఆటోనగర్‌లో పెట్టిన లారీకి, ఒక రాష్ట్రంలో కొని ఇంకో రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోబోయే కారుకు తాత్కాలిక నంబరు ఇస్తారు. దాన్ని పసుపు ప్లేటు మీద ఎర్ర అక్షరాలతో రాయాలి. కాగితం ముక్క మీద ప్రింటు తీసి అద్దానికి అంటిస్తే చెల్లదు. గడువు టీఆర్ పత్రం మీదే ఉంటుంది. బాడీ బిల్డింగు ఆలస్యమైతే గడువు తీరకముందే పొడిగింపు అడగాలి, తీరాక కాదు.

ప్లేటును దగ్గరగా చూడడం

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి బండికీ హై సెక్యూరిటీ ప్లేటే రావాలి. అసలుదో నకలుదో తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నీడలో కాకుండా ఎండలో నిలబడి చూడండి.

ప్లేటు ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. మూలలు గుండ్రంగా ఉంటాయి, వేలు తగిలితే కోసుకోదు. ఎడమ పక్కన పైన 20 మిల్లీమీటర్ల చదరంలో అశోక చక్రం హోలోగ్రాం ఉంటుంది. అది అంటించిన స్టిక్కరు కాదు, వేడితో ముద్రించింది. గోటితో గీకితే అంచు లేవకూడదు. దాని కింద నీలం రంగులో ఇంగ్లీషులో 'ఐఎన్‌డీ' అనే మూడక్షరాలు. ఎడమ పక్కన అడుగున లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య. ముందు ప్లేటుకు ఒకటి, వెనక ప్లేటుకు ఇంకొకటి ఉంటుంది. రెండూ బండి రికార్డులో ఎక్కుతాయి. ఫోన్ కెమెరాతో రెంటినీ ఫోటో తీసి దాచుకోండి. రేపు ప్లేటు పోయినా, మీ నంబరుతో ఇంకో బండి తిరుగుతున్నా అసలు ప్లేట్లు మీ దగ్గరే ఉన్నాయని చెప్పడానికి ఆ ఫోటోలే ఆధారం.

అంకెలు రేకులోంచి ఉబ్బెత్తుగా లేస్తాయి. వాటి నల్లటి పై భాగాన్ని కొంచెం పక్కకు వంగి చూస్తే 45 డిగ్రీల ఏటవాలులో 'ఇండియా' అన్న మాట వరసగా మెరుస్తుంది. రోడ్డు పక్క దుకాణంలో కొట్టిచ్చే ప్లేట్లకు చక్రం బొమ్మ ఉంటుంది, 'ఐఎన్‌డీ' ఉంటుంది. ఈ ఏటవాలు మాట, లేజరు సంఖ్య మాత్రం ఉండవు. ఒకవేళ లేజరు సంఖ్య ఉన్నా అది ఏ రికార్డులోనూ దొరకదు.

తర్వాత నంబరును ఎంపరివాహన్ యాప్‌లోనో రిజిస్ట్రేషన్ కాగితంలోనో పెట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ఎనిమిదికీ 'బి'కీ, సున్నాకీ 'డి'కీ తేడా తొందరలో కనబడదు. ఒకటి, సున్నాలతో తికమక పడకూడదనే సిరీస్‌లో 'ఐ', 'ఓ' అక్షరాలు ఇవ్వరు. మీ ప్లేటు మీద నాలుగంకెల ముందు అవి ఉన్నాయంటే కొట్టిన చోటే తప్పు జరిగింది. ముందు ప్లేటు, వెనక ప్లేటు విడివిడిగా చదవండి. ఒకే రోజు డెలివరీ అయ్యే రెండు బండ్ల ప్లేట్లు తారుమారై, ముందొక నంబరు వెనకొక నంబరు పడడం దసరా, ధనత్రయోదశి రద్దీలో జరుగుతుంటుంది.

ప్లేటును పట్టి ఉంచేది స్నాప్ లాక్. ఒక్కో ప్లేటుకు కనీసం రెండుండాలి. ఒకసారి నొక్కితే మళ్లీ ఊడదు, ఊడదీస్తే విరిగిపోతుంది. దాని పనే అది. మామూలు స్క్రూలు బిగించి 'తర్వాత లాకులు వేస్తాం' అంటే ఒప్పుకోకండి. లాకు సరిగా కూర్చుందో లేదో ప్లేటు అంచు పట్టుకుని కదిపితే తెలుస్తుంది. కడకడలాడితే గతుకుల రోడ్డు మీద లాకు రంధ్రం చుట్టూ రేకు చిట్లుతుంది. ఆర్నెల్లకో ఏడాదికో ప్లేటు సగం వేలాడుతుంది. మరీ గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ బంపరు దగ్గర పగులు పడుతుంది. బైకుల వెనక మడ్‌గార్డు చివర ప్లేటుకు వెనక ఆధారం లేకపోతే వంగిపోతుంది. వెనక పట్టీ పెట్టించుకోవచ్చు. ముందు వైపు అంచులు కప్పే ఫ్రేము మాత్రం వద్దు, అది హోలోగ్రాంనో లేజరు సంఖ్యనో మింగేస్తుంది.

కారు కొన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ముందు అద్దానికి లోపల ఎడమ పక్క పై మూలన ఒక స్టిక్కరు ఉంటుంది. దీన్ని మూడో ప్లేటు అంటారు. కొలత 100 మిల్లీమీటర్లకు 60. దాని మీద రిజిస్టర్ చేసిన ఆఫీసు పేరు, బండి నంబరు, రెండు ప్లేట్ల లేజరు సంఖ్యలు, ఇంజిన్, ఛాసిస్ వివరాలు ఉంటాయి. డీజిల్ బండికి నారింజ రంగు, పెట్రోలుకూ సీఎన్‌జీకీ లేత నీలం, మిగతావాటికి బూడిద రంగు. బీఎస్ 6 (పొగ కాలుష్యం ప్రమాణం) బండి అయితే పైన ఒక సెంటీమీటరు ఆకుపచ్చ పట్టీ వస్తుంది. పీకితే ముక్కలయ్యేలా చేసిన స్టిక్కరు ఇది. హైవే మీద రాయి తగిలి అద్దం మార్పిస్తే పాత అద్దంతో పాటే పోతుంది. అద్దం మార్చినవాళ్లకు దీని సంగతి పట్టదు. కొత్త స్టిక్కరుకు మీరే దరఖాస్తు పెట్టుకోవాలి.

రంగులు, కొలతలు

సొంత బండికి తెలుపు మీద నలుపు. కిరాయికి తిప్పే ఆటో, ట్యాక్సీ, లారీకి పసుపు మీద నలుపు. మనమే నడుపుకునేందుకు అద్దెకిచ్చే కార్లకు నలుపు మీద పసుపు. కరెంటు బండి సొంతదైతే ఆకుపచ్చ మీద తెలుపు, కిరాయిదైతే ఆకుపచ్చ మీద పసుపు. డీలరు ట్రేడ్ సర్టిఫికెట్ (ఇంకా అమ్మని బండ్లు తిప్పడానికి డీలరుకిచ్చే అనుమతి) నంబరుతో తిప్పే బండికి ఎరుపు మీద తెలుపు. ఆ ఎర్ర ప్లేటు బండి మీ ఇంటి ముందుకు టెస్ట్ డ్రైవ్‌కు రావచ్చు, మీరు కొన్న బండిగా రాకూడదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేటప్పుడు 'దీనికి నంబరు అక్కర్లేదు' అంటే మోటారు సామర్థ్యం, వేగం కాగితం మీద చూపించమనండి. మోటారు 250 వాట్ల కన్నా తక్కువ, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే ఆ మినహాయింపు. వేగం లాక్ తీసేసి నలభైలో పరుగెత్తిస్తే అది నంబరు లేని మోటారు సైకిలే.

ప్లేటు కొలతలు ఇవీ. ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ 200 మిల్లీమీటర్లకు 100. బైకు ముందు వైపు 285కు 45 కొలతలో సన్నటి పట్టీ కూడా వస్తుంది. కార్లకు 500కు 120, వెనక చోటు లేకపోతే 340కి 200. లారీలకూ బస్సులకూ 340కి 200.

అక్షరాల కొలతలు సెంట్రల్ మోటారు వెహికల్స్ రూల్స్ 51లో ఉన్నాయి. స్టిక్కర్ షాపుల్లో తరచూ తప్పేది ఇక్కడే. కారుకు అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, మధ్య ఎడం 10. బైకు వెనక అక్షరాలు 35, అంకెలు 40, మందం 7, ఎడం 5. బైకు ముందు 30, మందం 5, ఎడం 5. ఆటోకు 35, మందం 7, ఎడం 5. ఇవి కనీస కొలతలు. ఎత్తు సరిపోయినా గీత సన్నగా ఉంటే దూరం నుంచి చదవడం కష్టం, కెమెరాకు ఇంకా కష్టం. రెండు వరసల్లో రాసేటప్పుడు రాష్ట్రం అక్షరాలు, ఆఫీసు అంకెలు పై వరసలో, మిగతాది కింది వరసలో రావాలి. 'బాస్' అని చదివేలా 8055ను సాగదీసి రాయడం, పేరు, కులం, పార్టీ గుర్తు, హీరో బొమ్మ, దేవుడి బొమ్మ, 'ప్రెస్' అన్న మాట ఇవేవీ ప్లేటు మీద ఉండకూడదు. నంబరు తెలుగు అంకెల్లో రాయించుకోవాలని భాష మీద ప్రేమతో కొందరు అనుకుంటారు. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు వాడుకలో ఉన్న అరబిక్ అంకెల్లోనే ఉండాలి. తెలుగు మాట వెనక అద్దం మీద రాయించుకోండి.

లారీలు, బస్సుల్లాంటి ట్రాన్స్‌పోర్టు బండ్లకు ముందూ వెనకా ఉంటే చాలదు, బాడీకి కుడి ఎడమ పక్కల కూడా నంబరు ఉండాలి. మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపే లారీలనూ మినీ ట్రక్కులనూ చూడండి. టార్పాలిన్ పట్టా కిందికి లాగి కట్టేసరికి పక్క నంబరూ వెనక నంబరూ రెండూ మాయం. తాడు కట్టే కొక్కేలకు కిందుగా నంబరు రాయిస్తే పట్టా కొక్కేల దాకా వచ్చినా కనబడుతుంది. పెయింటరుకు ఆ మాట ముందే చెప్పాలి.

వెనక నంబరు మీద తెల్లటి దీపం పడాలి. రాత్రి పూట 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలన్నది రూలు. బండి ఆన్ చేసి పదిహేను పెద్ద అడుగులు వెనక్కి నడిచి చూడండి. నీలం, ఎరుపు ఎల్‌ఈడీలు ప్లేటు చుట్టూ పెట్టిస్తే ఆ వెలుగులో నల్ల అక్షరం కరిగిపోతుంది.

ఏపీ 16, ఏపీ 07, ఏపీ 39

కృష్ణా జిల్లాకు ఏపీ 16, గుంటూరుకు ఏపీ 07 ఉండేవి. 2019లో జిల్లాల కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే కోడ్, ఏపీ 39, వచ్చింది. అందుకని ఏపీ 39 చూసి బండి బెజవాడదో శ్రీకాకుళందో చెప్పలేం. పాత ఏపీ 16, ఏపీ 07 నంబర్లు అలాగే చెల్లుతాయి, మార్చుకోనక్కర్లేదు. రాష్ట్రంలో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ కొన్నా నంబరు అదే ఉంటుంది. 29, 30 ఫారాలతో పేరు మార్పించుకుంటే సరి, ప్లేటు జోలికి వెళ్లొద్దు. కోడ్ తర్వాతి అక్షరాలకూ అర్థం ఉంది. ఆర్టీసీ బస్సులకు 'జెడ్' కేటాయించారు. లారీల వరసలు టీ, యూ, వీ లాంటి అక్షరాలతో మొదలవుతాయి. సొంత కారు ప్లేటు మీద అలాంటి అక్షరం కనబడితే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) ఒకసారి చూడాల్సిందే.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి టీఎస్, టీజీ నంబరు బండితో గుంటూరు వచ్చేసినవాళ్లు మాత్రం లెక్క పెట్టుకోవాలి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. ముందు అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తర్వాత ఇక్కడ ఫారం 27. ఫైనాన్స్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ అంగీకారం లేకుండా ఎన్‌ఓసీ కదలదు. ఊళ్లు మారే ఉద్యోగమైతే బీహెచ్ సిరీస్ ఉంది, రాష్ట్రం మారినా నంబరు మార్చుకోనక్కర్లేదు. 2021 సెప్టెంబరు 15 నుంచి ఇస్తున్నారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు లేక అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకూ వర్తిస్తుంది. ప్రైవేటువాళ్లు ఫారం 60లో తాము పనిచేసే సంస్థ ధ్రువీకరణ తేవాలి. పన్ను రెండేళ్లకోసారి కట్టాలి. ఆ తేదీ మరిచిపోతే ఆలస్య రుసుము రోజు లెక్కన పెరుగుతుంది.

పాత బండికి కొత్త ప్లేటు

2019కి ముందు కొన్న బండికి హై సెక్యూరిటీ ప్లేటు కావాలంటే బండి కంపెనీ అధికారిక డీలరు దగ్గరో, కంపెనీలు గుర్తించిన బుకింగ్ సైటులోనో అడగాలి. వరస ఇదీ:

1. ఆర్‌సీ ముందు పెట్టుకోండి. అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద కొట్టిన నంబర్లతో పోల్చండి.
2. రికార్డులో మీ ఇప్పటి ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. ఓటీపీ దానికే వస్తుంది.
3. బుకింగ్‌లో బండి నంబరు, ఛాసిస్ చివరి ఐదు, ఇంజిన్ చివరి ఐదు ఇవ్వాలి. అవి వాహన్ (కేంద్రం నడిపే బండ్ల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) రికార్డుతో సరిపోతేనే ముందుకు వెళ్తుంది.
4. బిగించే చోటు, రోజు ఎంచుకుని డబ్బు కట్టి రసీదు దించుకోండి.
5. ఆ రోజు బండి, ఆర్‌సీ, రసీదుతో వెళ్లండి. ప్లేటు చేతికిచ్చి 'మీరే బిగించుకోండి' అంటే తీసుకోకండి. లాకు అక్కడే పడాలి.

మూడో మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మన రాష్ట్రం రికార్డులు సొంత వ్యవస్థ నుంచి వాహన్‌కు మారాయి. పాత బండ్ల వివరాల్లో ఒక అక్షరం తేడా ఉన్నా 'వివరాలు సరిపోలేదు' అని వస్తుంది. పదిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు. ఆర్‌సీ, బీమా, కొన్నప్పటి బిల్లు తీసుకుని రవాణా శాఖ ఆఫీసులో రికార్డు సరిచేయించుకున్నాకే మళ్లీ బుక్ చెయ్యండి. డబ్బు ఎవరో ఒకరి ఫోన్ నంబరుకు యూపీఐలో పంపమనే సైటైతే వెంటనే మూసెయ్యండి.

రోజువారీ జాగ్రత్తలు

ఇంద్రకీలాద్రి కింద వాహన పూజ చేయించాక ప్లేటు మీద పసుపు, గంధం, కుంకుమ బొట్లు అలాగే ఉంచేస్తారు. మెరిసే పొర మీద పసుపు మరక ఎండకు దిగిపోతుంది, ఆ చోట రాత్రి వెలుతురు తిరిగి రాదు. బొట్లు బానెట్ మీద పెట్టించండి. పూలదండ ప్లేటుకు పైన కట్టించండి. ప్లేటుకు అంటినదాన్ని ఆ రోజే తడిగుడ్డతో తుడవండి.

వాటర్ సర్వీసింగులో ప్రెషరు గొట్టం ప్లేటు అంచుకు ఆనించి కొడితే పొర లేస్తుంది. డీజిల్, థిన్నర్ తగలనివ్వొద్దు, సబ్బు నీళ్లు చాలు. పొలంలో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు రోడ్డెక్కే ముందు బకెట్ నీళ్లు ప్లేటు మీద పోయాలి. ట్రాక్టరుకూ దాని వెనక తగిలించే ట్రక్కుకూ వేరువేరు రిజిస్ట్రేషన్, వేరువేరు నంబర్లు.

రేడియం స్టిక్కరుతో అంకెలు దిద్దించడం, పైన నల్లటి అక్రిలిక్ రేకు వేయించడం, బంపర్ గార్డు చాటున ప్లేటు దాచడం అన్నీ చలానాకు దారే. ప్లేటు తీరు తప్పితే 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా జరిమానా. అక్కడికక్కడ కట్టించుకునే రాజీ రుసుము ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. చలానా తప్పించుకోవాలని అంకె మార్చి తిరిగితే జరిమానాతో పోదు, అది మోసం, ఫోర్జరీ కేసు. ఆ మారిన అంకె ఇంకెవరి బండిదో అయి ఉంటుంది, చలానాలు వాళ్లింటికి వెళ్తాయి.

మీరు వెళ్లని చోటు నుంచి మీకు చలానా వస్తే కట్టేసి ఊరుకోకండి. చలానా ఫోటో పెద్దది చేసి బండి మోడల్, రంగు, హెడ్‌లైటు, ప్లేటు మీద చక్రం చూడండి. ఏది తేడా ఉన్నా మీ ప్లేట్ల ఫోటోలు, ఆర్‌సీ జత చేసి ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు ముందు తలుపు తట్టేది మీ ఇంటికే.

ప్లేటు పోతే ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, ఆ కాపీతో డీలరు దగ్గర కొత్తదానికి దరఖాస్తు. ఒక్కటే పోయినా రేడియం షాపులో జత కలపొద్దు. వంగిపోయినా, చిట్లినా పాత ప్లేటు తిరిగిచ్చి కొత్తది తీసుకోవాలి. పొర రంగు తేలిపోతే ముందు బిగించిన తేదీ చూడండి, ప్లేటుకు ఐదేళ్ల గ్యారంటీ ఉంటుంది.

బండిని తుక్కుకు అమ్మేటప్పుడు గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. ఆర్‌సీ రద్దుకు దరఖాస్తు పెట్టి ఆ కాగితం చేతికి తీసుకోండి. పాత ఇనుము కొట్టుకు తూకం లెక్కన వేస్తే బండి ముక్కలవుతుంది గానీ ప్లేటు గోడకు వేలాడుతూనే ఉంటుంది, అడిగినవాళ్లకు అమ్ముడైపోతుంది. కేంద్రం దగ్గరలో లేక బండి ఇంకొన్నాళ్లు పెరట్లోనే ఉంటుందనుకుంటే ప్లేట్లు దానికే ఉండనివ్వండి, లాకులు విరగ్గొట్టి ఎవరికీ ఇవ్వకండి.